దూకే గుర్రం, దాటే గుర్రం

గుర్రాల కాళ్ళకు చుట్టే పట్టీలు ఎవరు ఉతకాలో ఏ కాగితంలోనూ రాసి లేదు. అందుకే అది అల్మాస్ పని అయింది.

కాగితం ప్రకారం ఆమె ఇంటి పనిమనిషి. వీసాలో ఆ మాటే ఉంది. ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ ఊరి చివర, ఖర్జూర తోటల వెనకాల ఉన్న రేసుగుర్రాల శాలలో గుర్రాలను సాకే పదకొండు మంది సాయిసులకు రెండు పూటలా వండిపెట్టాలన్నది నోటిమాట. ఇక పట్టీలు, జీను కింద వేసే గుడ్డలు, గుర్రాల చెమట తుడిచిన తువ్వాళ్ళు నోటిమాటలో కూడా లేవు. ఎవరో ఒకరోజు తెచ్చి వంటగది వాకిట్లో పడేశారు. చూస్తూ ఊరుకోలేక ఉతికింది. మర్నాడు మళ్ళీ తెచ్చి పడేశారు. ఆడమనిషి ఒకసారి జాలిపడి చేసిన పని రెండోసారికి ఆనవాయితీ అయి కూర్చుంటుంది. ఆ తర్వాత ఎప్పుడైనా చెయ్యకపోతే, "ఏం, ఒళ్ళు బాగలేదా?" అని అడుగుతారు. అంతే తప్ప, "ఇది నీ పని కాదు కదా" అన్న మనిషి ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కడు కూడా కనపడలేదు.

రెండు వేల ఇరవై మూడు, జనవరి. పొగమంచుకు జెబెల్ హఫీత్ కొండ కొండే మాయమైంది. అల్మాస్ కుళాయి దగ్గర కూర్చుని పట్టీలు పిండుతోంది. భర్త లాల్ అహ్మద్ చేతులు రుద్దుకుంటూ వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతను ఈ శాలలో హెడ్ సాయిసు. ఇంత దగ్గరగా కూర్చున్నాడంటే గుర్రం సంగతే.

"మే, ఆ మబ్బోడు ఎట్లుండాడు? ఈ పొద్దు ఐర్లండాయన వస్తాండాడు చూసేకి. ఏం చెప్పాల?"

ఏం చెప్పాల. తొమ్మిదేళ్ళుగా ఇదే ప్రశ్న. కొత్త గుర్రం ట్రక్కు దిగిన మర్నాడు, పందెం ముందు రోజు, ఏదైనా గుర్రం దాణా ముట్టకపోతే ఆ పొద్దు. ఆమె చెప్పేది. అతను ఆ మాటను జేబులో వేసుకుని పోయి, ముదీర్ ముందర కళ్ళు చికిలించి, గడ్డం గోక్కుని, తన నోట్లోంచి తీసేవాడు. ముదీర్ అంటే మేనేజరు, ఈ శాల నడిపే సిరియా మనిషి నిజార్. లాల్ అహ్మద్ కన్ను పడితే గుర్రం లోపల ఎముక కూడా కనపడుతుందని అతను అందరికీ చెప్పుకుంటాడు. ఆ కన్నుకు మెచ్చి ఒకసారి చేతిగడియారం కూడా ఇచ్చాడు. ఆ గడియారం చేతికి పెట్టుకునే లాల్ అహ్మద్ ఆమెతో, "ఏంమే, తొమ్మిదయింది, ఇంకా పప్పు కాలేదా?" అనేవాడు.

మబ్బోడు అసలు పేరు సహాబ్. అరబ్బీలో మబ్బు అని అర్థమని తెలిసినప్పటి నుంచి ఆమెకు వాడు మబ్బోడే. బూడిద రంగు, నాలుగేళ్ళ వయసు. పందేల్లో మొదట్లో అందరికంటే వెనకపడతాడు. జెబెల్ అలీ రేసుకోర్సులో చివర ఒక ఎత్తు ఉంటుంది. అక్కడ మిగతా గుర్రాలు నీరుగారిపోతుంటే వీడు అప్పుడే నిద్ర లేచినట్టు సాగుతాడు. ఒకసారి గెలిచాడు, ఒకసారి రెండో స్థానం. ఇక్కడి పందేలకు ఆ వేగం చాలదని యజమాని తేల్చేశాడు. ఐర్లండ్‌లో వేరే పందేలున్నాయి. దారి పొడుగునా అడ్డంగా కంచెలు నిలబెడతారు, గుర్రాలు వాటిని దాటుకుంటూ రెండేసి మైళ్ళు పరుగెత్తాలి. హర్డిల్స్ అంటారు. వీడు దానికి పనికొస్తే అక్కడికి పోతాడు. పనికిరాకపోతే సముద్రపు ఒడ్డున టూరిస్టులను వీపు మీద మోసుకు తిరిగే గుర్రాల గుంపులో కలుస్తాడు. యజమాని ఆ మాట అందరి ముందే అన్నాడు. ఆ గుంపులోకి పోయిన గుర్రాల వీపులు ఎట్లా పుండ్లు పడతాయో అల్మాస్ చూసింది.

అందుకే ఈసారి మాట కుదురుగా చెప్పాలనుకుంది. పట్టీ పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"పూర్తిగా ఇను. అది దూకే గుర్రం కాదు..."

ఫోన్ మోగింది. "హా ముదీర్, ఆయా, ఆయా," అంటూ అతను లేచాడు. "సరే సరే, అర్థమయింది. నువ్వు చాయ్ పెట్టు, పెద్దోళ్ళు వస్తాండారు," అనేసి పోయాడు.

"...దాటే గుర్రం," అంది అల్మాస్, అతని వీపుతో.

ఆ మాట ఆమెది కాదు. వాళ్ళ నాయనది.

ఆదోనిలో మౌలా సాహెబ్ జట్కా అంటే స్టేషను దగ్గర అందరికీ ఎరుకే. పొద్దున రైలు దిగిన పత్తి వ్యాపారులను మార్కెట్టుకు, మధ్యాహ్నం జిన్నింగు మిల్లుల ఆడవాళ్ళను ఇళ్ళకు, సాయంత్రం గోషా ఇళ్ళ ఆడవాళ్ళను పరదా కట్టి సినిమాకు. గుర్రం పేరు గోరింట. ఎర్రటి ఆడగుర్రం, నాలుగు కాళ్ళకూ కింద గోరింటాకు పెట్టుకున్నట్టు ముదురు రంగు. అల్మాస్‌కు ఆరేళ్ళ వయసు నుంచి ముందు పలక మీద, నాయన మోకాలి పక్కనే చోటు. ఉలవలు ఉడికిన వాసన, తడిసిన గోనెపట్ట వాసన, తోలు పగ్గాలకు పూసిన ఆముదం వాసన. ఈ అల్ ఐన్‌లో ఖరీదైన జీన్ల మధ్య నిలబడినా ఆమె ముక్కు ఆ మూడింటినే వెతుక్కుంటుంది. ఇక్కడి గుర్రాలకు ఉలవలు పెట్టరు. డబ్బాల మీద బొమ్మలున్న దాణా పెడతారు. ఆ దాణాకు వాసనే లేదు.

"కండ్లు మూసుకో బిడ్డా," అనేవాడు నాయన. "ఇప్పుడు చెప్పు, ఏ కాలు?"

రోడ్డు మీద లాడాల చప్పుడు. టక టక టక టక. వినగా వినగా నాలుగూ విడివిడిగా చెవిలో పడేవి. ఒకరోజు, "ఎడమ ముందరి కాలు లేటుగా పడతాంది నాయనా," అంది. ఆయన జట్కా ఆపి దిగి, కాలెత్తి చూస్తే లాడం కింద గులకరాయి. మౌలా సాహెబ్ ఆ రాయిని తీసి రెండు రోజులు జేబులో పెట్టుకుని జట్కా స్టాండులో అందరికీ చూపించాడు. "నా బిడ్డ చెవితో పట్టింది రోయ్ దీన్ని! గుర్రాన్ని కండ్లతో ఎవుడైనా చూస్తాడు, చెవితో చూడాల!" అన్నాడు. ఆ పూట ఆమెకు మసాలా వడ కొనిపెట్టాడు. ఆ తర్వాత ఈ జన్మలో ఎవరూ ఆమెను అట్లా ఊరంతా చెప్పుకుని మురిసింది లేదు.

ఒక వానాకాలం జిన్నింగు మిల్లు రోడ్డుకు అడ్డంగా మురుగు కాలువ పొంగింది. ముందున్న జట్కావాడు చెర్నాకోల ఝళిపించాడు. అతని గుర్రం కళ్ళు తేలేసి, ఒక్క ఎగురు ఎగిరింది. నొగ విరిగింది, లోపలున్న ముసలమ్మ బురదలో పడింది. గోరింట మాత్రం కాలువ దగ్గర ఆగింది. తల దించి వాసన చూసింది. అటొక అడుగు, ఇటొక అడుగు నడిచి చూసింది. వెనకున్నోళ్ళు, "ఏం సాయిబూ, నీ గుర్రం నమాజుకు నిలబడిందా?" అని నవ్వుతున్నారు. నాయన పగ్గాలు వదులు చేసి ఊరుకున్నాడు. అది వెనక్కి నాలుగడుగులు వేసి, తనంతట తానే కదిలి, నీటి ముందర ఒక చిన్న అడుగు వేసి, జట్కా కుదుపు కూడా తెలియకుండా అవతలికి చేరింది.

"చూసినావా? దూకే గుర్రం వేరు, దాటే గుర్రం వేరు. దూకేది భయానికి దూకుతాది. దాటేది చూసుకుని దాటుతాది. అడ్డం ముందర ఆగిందని గుర్రాన్ని కొట్టేటోడు గాడిదలు కాసేకి కూడా పనికిరాడు."

ఇక్కడితో ఆపేస్తే నాయన దేవుడైపోతాడు. దేవుడేం కాదు, ఆయనా మొగోడే. అల్మాస్‌కు పన్నెండేళ్ళు నిండి పెద్దమనిషి అయిన నెలలోనే ఆమెను ముందు పలక మీద నుంచి దించేశాడు. ఎందుకని అడిగితే, "నలుగురూ చూస్తారమ్మా," అన్నాడు, ఆమె మొహం చూడకుండా. ఆ తర్వాత ఆమె జట్కా ఎక్కింది వెనక పరదాలోనే. పరదా వెనక నుంచి చప్పుడు వింటూ, ఏ కాలు ఎట్లా పడుతోందో మనసులోనే చెప్పుకునేది. అడిగేవాళ్ళు లేరు. నేర్పించిందీ ఆయనే, దించిందీ ఆయనే. ఆ రెంటిలో దేనికి ఎక్కువ ఏడ్చిందో ఇప్పటికీ ఆమెకు తేలలేదు. ఆటోలు వచ్చాక గోరింటను పెళ్ళి ఊరేగింపులవాడికి అమ్మేసిన రోజు మాత్రం తండ్రీకూతుళ్ళు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడ్చారు.

పెళ్ళిచూపులకు పత్తికొండ నుంచి లాల్ అహ్మద్ తల్లి ఖతీజాబీ వచ్చింది. వస్తూనే పిల్ల జడ విప్పించి, నడినెత్తిన జుట్టు పాయలు తీసి సుళ్ళు వెతికింది. రెండు సుళ్ళుంటే మొగుడికి ఆగదట. అల్మాస్ తల వంచుకుని కూర్చుని ఆ వేళ్ళను భరిస్తుంటే, గుమ్మం దగ్గర నాయన, "నేను సంతలో గుర్రాన్ని కూడా ఇట్లా చూడనమ్మా," అని గొణిగాడు. ఒక్క సుడే ఉంది. పెళ్ళయింది. ఆ తర్వాత పదిహేనేళ్ళ పాటు ఖతీజాబీ నోట రెండు మాటలు ఆగలేదు. ఒకటి, "జట్కావోని బిడ్డ, లద్దె వాసన యాడికి పోతాది." రెండోది, ఏ పనైనా కాస్త ఆలస్యమైతే, "ఇంతసేపూ ఏం చేస్తాంటివి, గుడ్డి గుర్రానికి పండ్లు తోముతాంటివా?"

విచిత్రం చూడండి. ఆ జట్కావోని బిడ్డను చేసుకున్న లారీ క్లీనరు లాల్ అహ్మద్‌కు గల్ఫ్‌లో దొరికింది గుర్రాల పని. మొదట్లో గుర్రం దగ్గరికి పోవాలంటే వణికేవాడు. ఊర్లో ఉన్న భార్యకు ఫోన్ చేసి, "మే, చెవులు ఎనక్కి పెడితే కోపమా, భయమా?" అని అడిగేవాడు. రెండేళ్ళకు, వీసా ఇప్పించే కఫీల్ కాళ్ళావేళ్ళా పడి ఆమెను పనిమనిషి వీసా మీద తెప్పించుకున్నాడు. ఆమె ప్రేమ అనుకుంది. కొంత ప్రేమ కూడా ఉండే ఉంటుంది, కాదనడానికి లేదు. జెబెల్ అలీలో గోడౌను పనికొచ్చిన కొడుకు సోహైల్ ఒకసారి అడిగాడు. "అమ్మా, మా రూములో అడుగుతారు, మీయమ్మ యాడ ఏం పని చేస్తాదని. ఏం చెప్పల్ల?" ఆమె, "మీ నాయన దగ్గరుంటాదని చెప్పు," అంది. అంతకు మించి ఆమెకే తెలియలేదు.

పది గంటలకు మంచు విడిచింది. వంటగది కిటికీలోంచి ఇసుక మైదానం మొత్తం కనపడుతుంది. చుట్టూ తెల్లటి కర్ర కంచె, లోపల అడ్డంగా మూడు హర్డిల్స్. ఐర్లండ్ నుంచి వచ్చిన బ్రెండన్ అనే పెద్దాయన టోపీ పెట్టుకుని కంచెకు ఆనుకుని నిలబడ్డాడు. పక్కన ముదీర్. మైదానం మధ్యలో పొడుగాటి చాబుకు కొరడా పట్టుకుని లాల్ అహ్మద్. మబ్బోణ్ణి జీను లేకుండా, పైన మనిషి లేకుండా వదిలారు.

అల్మాస్ ఉల్లిపాయలు తరుగుతూ చూస్తోంది. పగటిపూట ఆమె గుర్రాలను చూసేది ఎప్పుడూ ఇట్లానే, ఆ కిటికీలోంచే; సాయిసులు పడుకున్నాక మాత్రం కొట్టంలోకి పోయి చేత్తో నిమిరి వచ్చేది. "అక్కడ మొగోళ్ళుంటారు, నువ్వు రావద్దు," అని లాల్ అహ్మద్ వచ్చిన మొదటి వారమే చెప్పాడు.

మబ్బోడు మొదటి హర్డిల్ దాకా నడకకూ పరుగుకూ మధ్యలో వచ్చి ఆగాడు. తల దించి వాసన చూశాడు. పక్కకు రెండడుగులు నడిచాడు. అల్మాస్ పెదవుల మీద నవ్వు వచ్చింది. అచ్చం గోరింట! అంతలోకే చాబుకు ఫట్‌మంది. మబ్బోడు బెదిరి పక్కకు గుండ్రంగా పరుగు తీశాడు. మళ్ళీ అక్కడికే తరిమాడు లాల్ అహ్మద్. మళ్ళీ ఆగాడు. మళ్ళీ ఫట్. ఐర్లండాయన తల అడ్డంగా ఆడించడం, ముదీర్ ఏదో అడగడం, భర్త గడ్డం గోక్కుని ఏదో చెప్పడం, ముదీర్ భుజాలు ఎగరెయ్యడం. ఆమెకు కనపడుతోంది గానీ వినపడటం లేదు.

దాణా బండి తోలే అప్పాజీ చాయ్ ఫ్లాస్కు కోసం వచ్చాడు. అనంతపురం మనిషి.

"అయిపాయనమ్మా, ఖలాస్. ఆ తెల్లాయప్ప పోతాండాడు."

"ఏమయిందన్నా?"

"ముదీర్ మీ ఆయన్ను అడిగె, ఏం లాల్, నీ కన్ను ఏమంటాదని. మీ ఆయన ఒగటే మాట. 'యే కూద్‌నేవాలా ఘోడా నహీ హై.' ఇది దూకే గుర్రం కాదంట. లాల్ అహ్మదే అట్లంటే ఇంగేముంది? పాపం మబ్బోడు, ఇంగ సముద్రం కాడ బేరాలకే."

అల్మాస్ చేతిలో కత్తి ఆగిపోయింది.

ఇది దూకే గుర్రం కాదు. ఆమె మాటే! ఆమె నోట్లోంచి వచ్చిన మాటను సగానికి కోసి, తలకాయ మాత్రం పట్టుకుపోయి అక్కడ పెట్టాడు. ఎప్పుడూ పూర్తిగా తీసుకుపోయేవాడు కాబట్టి ఆమె ఇన్నాళ్ళూ దొంగతనం అనుకోలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య నీదేంది నాదేంది అనుకుంది. అతని కన్ను అని నలుగురూ పొగిడినప్పుడు లోపల ముల్లు గుచ్చుకున్నా, పోనీలే, గుర్రాలు బాగుంటే చాలు అనుకుంది. ఇప్పుడు గుర్రమే పోతోంది. ఆమె మాటతోనే పోతోంది. ఊరుకుంటే ఆ అబద్ధం ఆమెది. పోయి సరిచేయాలంటే ఆ మాట ఎవరిదో చెప్పాలి. చెబితే తొమ్మిదేళ్ళ లాల్ అహ్మద్ కన్ను ఆ ఇసుకలో రాలిపోతుంది. హెడ్ సాయిసు పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. పనిమనిషి వీసా మీద ఉన్న తన సంగతి అసలే తెలియదు. అవన్నీ ఆమె ఒక్క ఉల్లిపాయ తరిగేంత సేపు ఆలోచించింది. ఆ ఉల్లిపాయ పూర్తి చేయలేదు.

పొయ్యి ఆపేసింది. పప్పు సగం ఉడికి ఉంది.

"అమ్మా, యాడికి? అక్కడ మొగోళ్ళు..." అని అప్పాజీ అంటూనే ఉన్నాడు.

మైదానం దగ్గరికి చేరేసరికి బ్రెండన్ కారు వైపు తిరిగాడు. అల్మాస్ నేరుగా ముదీర్ ముందుకు పోయి, శాలలో అందరూ మాట్లాడే ఆ విరిగిన హిందీలోనే అంది.

"ముదీర్, ఆ మాట సగమే."

"ఏ మాట?"

"ఈయన చెప్పిన మాట. అది నేను చెప్పింది. మీ దగ్గరికి సగమే వచ్చింది."

లాల్ అహ్మద్ మొహంలో రక్తం లేదు. తెలుగులోకి దిగాడు. "ఏంమే, తల తిరిగిందా నీకు? పో, లోపలికి పో. నా పరువు తీయద్దు."

"పొద్దున పూర్తిగా ఇనింటే నేను రావాల్సిన పనే లేకపోయె," అంది ఆమె, తెలుగులోనే. మళ్ళీ ముదీర్ వైపు తిరిగింది. "ఇది కూద్‌నేవాలా కాదు. పార్ కర్‌నేవాలా. భయానికి ఎగిరే గుర్రం కాదు, చూసుకుని దాటే గుర్రం. చూసేకి టైమివ్వకుండా చాబుకు కొడితే ఏ గుర్రమైనా బెదురుతుంది. చాబుకు పక్కన పెట్టించండి. ఒక్కసారి వదలండి. అప్పుడు కూడా దాటకపోతే నన్ను పంపించేయండి."

ముదీర్ ఆమెను ఎగాదిగా చూశాడు. తొమ్మిదేళ్ళుగా తన శాలలో వండే మనిషి గొంతు అతను ఇంతసేపు వినడం అదే మొదలు. ఐర్లండాయన ఏమిటని అడిగాడు. ముదీర్ ఇంగ్లిషులో ఏదో చెప్పాడు. ఆయన టోపీ సర్దుకుని మళ్ళీ కంచెకు ఆనుకున్నాడు.

అల్మాస్ చెప్పులు కంచె బయట విడిచి ఇసుకలోకి నడిచింది. మొదటి హర్డిల్ దగ్గర నిలబడి దాని పైకర్రను గుప్పిటతో రెండుసార్లు తట్టింది. మబ్బోడు దూరం నుంచి చెవులు నిక్కించాడు. మెల్లగా వచ్చి కర్రను వాసన చూశాడు, ఆమె చేతిని చూశాడు, ఉల్లిపాయ ఘాటుకు మూతి పైకెత్తి చీదాడు. కంచె అవతల ఎవరో నవ్వారు. ఆమె రెండోదాని దగ్గరికి నడిచింది. వాడూ నడిచాడు. మూడోదాని దగ్గరికీ అంతే. తర్వాత మైదానం మధ్యకు వచ్చి, నాలుక అంగిటికి ఆనించి చప్పుడు చేసింది. జట్కావాళ్ళు చేసే చప్పుడు. ముప్పై మూడేళ్ళుగా చేయని చప్పుడు. ఒకసారి చేతకాలేదు, నోరెండిపోయి ఉంది. రెండోసారి వచ్చింది.

మబ్బోడు కదిలాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. ఇసుకలో లాడాల చప్పుడు గట్టిగా రాదు, మెత్తగా దిమ్మ దిమ్మమంటుంది. అయినా నాలుగూ విడివిడిగా పడుతున్నాయి చెవిలో. దగ్గరకొచ్చింది. ఒక చిన్న అడుగు. అదీ! చప్పుడు లేదు. లేదు. లేదు. ఆ తర్వాత రెండు, మళ్ళీ రెండు, ఎక్కడా తడబాటు లేకుండా పరుగులో కలిసిపోయాయి. ఆమెకు ఆదోని వాన వాసన కొట్టింది. రెండోది. మూడోది. కళ్ళు తెరిచేసరికి మబ్బోడు ఇంకో చుట్టుకు తనే తిరిగి వస్తున్నాడు, ఎవరూ తోలకుండానే.

బ్రెండన్ కంచె దూకి లోపలికి వచ్చాడు, అరవై ఏళ్ళ మనిషి. గుర్రం కాళ్ళు తడిమాడు. ఆమె ముందర నిలబడి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ముదీర్ హిందీలోకి మార్చి చెప్పడం, ఆమె జవాబు చెప్పడం.

"గెలుస్తాడా?"

"పడడు. అది చెప్పగలను. గెలిచేది నేను చెప్పలేను. వేగం తక్కువ. కానీ రెండు మైళ్ళయినా ఊపిరి ఉంటుంది, చివర ఎత్తు ఉంటే ఇంకా మంచిది."

"లోపాలు?"

"అలిసినప్పుడు ఎడమవైపుకు ఒరుగుతాడు. కొడితే మొండికేస్తాడు, కొట్టే మనిషి చేతిలో పెట్టొద్దు. మీ ఊర్లో నేల బురదంట కదా? వీడు పుట్టినప్పటి నుంచి ఇసుకే తొక్కినాడు. బురదలో ఎట్లుంటాడో నాకు తెలియదు."

తెలియదన్న మాట దగ్గర బ్రెండన్ గట్టిగా తలూపాడు. గుర్రాలు అమ్మేచోట ఆ మాట అంటూ ఎవరూ కనపడరు కాబోలు. లాల్ అహ్మద్ అయితే ప్రతి గుర్రాన్నీ నంబర్ వన్ అనేవాడు. డాక్టరు చూసి సరేనంటే తీసుకుపోతానని చెప్పి బ్రెండన్ ఆమె వైపు చెయ్యి చాచబోయి, ఆమె కొంగు సర్దుకోవడం చూసి, ఆ చేతిని తన గుండె మీద పెట్టుకున్నాడు.

ముదీర్ సంతోషం పట్టలేక లాల్ అహ్మద్ వీపు చరిచాడు. "షాబాష్ లాల్! భార్యకు కూడా బాగా నేర్పించావు."

అల్మాస్ భర్త వైపు చూసింది. ఎదురు చూసింది అనాలి. నాలుగు మాటలు చాలు. నేను నేర్పలేదు, ఆమెకే వచ్చు. అతను నోరు తెరవబోయినట్టే అనిపించింది. తర్వాత నేల చూశాడు, గడ్డం గోక్కున్నాడు, నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఎరిగినదే. ఖతీజాబీ లద్దె వాసన అన్న ప్రతిసారీ పక్క గదిలో కూర్చుని అతను నవ్విన నవ్వు అదే. ఆమెకు కోపం రాలేదు. నాయన తన మొహం చూడకుండా నలుగురూ చూస్తారమ్మా అన్న రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా ఇట్లానే ఎదురు చూసింది. అప్పుడు పన్నెండేళ్ళు. ఇప్పుడు నలభై అయిదు.

చెట్టు కింద ప్లాస్టిక్ బల్ల దగ్గర కూర్చున్నారు. గుర్రంతో పాటు ఒక కాగితం పంపాలన్నాడు బ్రెండన్. అక్కడ వాడిని చూసుకునేవాళ్ళకు వాడి అలవాట్లు తెలియాలి. లేకపోతే కొత్తచోట గుర్రం దిగులుతో తిండి మానేస్తుంది. లాల్ అహ్మద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అల్మాస్ నిలబడే చెప్పింది, ముదీర్ ఇంగ్లిషులో రాశాడు. వాడు చీకట్లో ఒంటరిగా ఉండలేడు, పక్క గదిలో ఏదైనా గుర్రం మొహం కనపడాలి. నీళ్ళ బకెట్టును మూతితో తోసి ఆడుకుంటాడు, దాన్ని చూసి దాహం లేదనుకోవద్దు. కుడి చెవి పట్టుకుంటే సహించడు, ఎడమది నిమిరితే నిద్రపోతాడు. పందెం ముందు రోజు సగం దాణా వదిలేస్తాడు, అది జబ్బు కాదు. మబ్బు పట్టి వాన చినుకు పడితే ఆడపిల్లలా గంతులేస్తాడు, ఇక్కడ ఏడాదికి రెండుసార్లు వస్తుంది ఆ భాగ్యం. అక్కడ రోజూ వాన అంటున్నారు కాబట్టి సంతోషంగా ఉంటాడు. చెప్తూ చెప్తూ ఆమె మబ్బోడు ఉన్న వైపు చూసింది. ఈ గుర్రమూ పోతోంది. ఆమె చేతుల మీదుగా ఒక్క గుర్రం కూడా ఎప్పుడూ నిలవలేదు.

ముదీర్ రాయడం ఆపి చేయి విదిలించుకున్నాడు. బ్రెండన్ కాగితం చివర వేలితో చూపించి ఏదో అడిగాడు.

"ఇవన్నీ చెప్పింది ఎవరని పేరు రాయాలట," అన్నాడు ముదీర్. "రేపు ఏదైనా అడగాలంటే ఆ పేరు మీదే అడుగుతారు. ఎవరి పేరు రాయను?"

లాల్ అహ్మద్ వెంటనే ముందుకు వంగాడు. "లాల్ అహ్మద్ అని రాయండి ముదీర్. ఇద్దరం ఒకటే కదా!" అని, ఆమె వైపు తిరిగి తెలుగులో మెత్తగా, "ఏంమే, ఇద్దరం ఒకటే కదా?" అన్నాడు.

అల్మాస్ అతని వైపు చూసి తలూపింది. తర్వాత ముదీర్‌తో, అందరికీ అర్థమయ్యే హిందీలో, ఒక్కో అక్షరమూ విడివిడిగా వినపడేటట్టు అంది.

"అవును ముదీర్, ఇద్దరం ఒకటే. అల్మాస్ అని రాయండి."